సవరమ్మ పాదాలు కుదిరిన బండి

మా మేనత్త సవరమ్మ గురించి తెలుసుకోవాలని వచ్చేవాళ్ళందరూ ఒకటే అడుగుతారు. ఆ రోజుల్లో, ఈ కొండల్లో, ఒక ఆడమనిషి మోటారు సైకిలు తోలిందంటే ఎంత ధైర్యం ఉండాలండీ అని. నాకు విసుగొస్తుంది. ఎలుగుబంట్లు తిరిగే దారిలో నెత్తిన మూట పెట్టుకుని సంతకు నడిచే ఆడవాళ్ళ మధ్య పుట్టిన మనిషికి ధైర్యం ఒక విశేషమా? ఆమె కాళ్ళ సంగతి మాత్రం ఒక్కరూ అడగరు. అసలు కథంతా ఆ కాళ్ళ దగ్గరే ఉంది. అడగకపోయినా నేను చెప్పేది అదే.

మా అత్త పొట్టి మనిషి. మా కొండ ఇళ్ళకు గుమ్మాలు ఎంత కిందికి ఉంటాయో చూసినవాళ్ళకు తెలుసు. ఆ గుమ్మాల్లో దూరడానికి ఎన్నడూ తల వంచవలసిన అవసరం రాని మనిషి ఆమె. నవ్వు మాత్రం ఇల్లంతా వినపడేది. అరకులోయలోని మిషను ఆస్పత్రిలో ఊడ్చే పనికి చేరి, దాన్ని నడిపే తెల్ల దొరసాని దగ్గర కాన్పులు చేయడం నేర్చుకుంది. ఆస్పత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వసారా, మందుల బీరువా. ఊళ్ళవాళ్ళు ఆమెను నర్సమ్మ అనేవారు కాదు, అప్ప అనేవారు. ఆమె భర్త విశ్వాసం మామయ్య మిషను బడిలో పంతులు. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేని మెత్తటి మనిషి.

మన్యంలో అల్లర్లు చల్లారి, దారుల మీద మళ్ళీ మనుషులు భయం లేకుండా తిరుగుతున్న రోజులవి. కాన్పు కబురు వస్తే మా అత్త నడిచే వెళ్ళేది. కొండ మీద ఊరంటే కబురు తెచ్చినవాడు దిగి రావాలి, ఈమె ఎక్కి వెళ్ళాలి. ఒకసారి అలా ఎక్కి వెళ్ళేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. వాళ్ళు ఈమెను ఏమీ అనలేదు. కూర్చోమని చోడి అంబలి ఇచ్చారు. ఆ అంబలి తాగిన సంగతి చెప్పినప్పుడల్లా, "తిట్టినా బాగుండును గుంటా" అనేది నాతో.

ఆ తర్వాతే దొరసాని మోటారు సైకిలు తెప్పించింది. ఓడలో విశాఖపట్నం వచ్చి, అక్కడినుంచి ఎడ్లబండి మీద ఘాటీ ఎక్కింది. గౌను వేసుకున్న ఆడవాళ్ళు కూడా కాలు ఎత్తి దాటకుండా కూర్చోగలిగేలా నడుమ కిందికి వంగిన బండి. కాళ్ళు ముందుకు చాపి పెట్టుకోవడానికి రెండు పక్కలా పొడుగాటి ఇనుప రేకులు. ఎడమ రేకు చివర క్లచ్చి, కుడి రేకు చివర బ్రేకు. గేరు చేత్తో మార్చాలి. లోయలో వాళ్ళు దానికి డబడబ బండి అని పేరు పెట్టారు. అది వస్తుంటే కోళ్ళు ముందు, కుక్కలు వెనక పరిగెత్తేవట.

దొరసాని తాటిచెట్టంత మనిషి. ఆమె కూర్చుంటే కాళ్ళు హాయిగా రేకుల చివరికి చేరేవి. మా అత్తకు తోలడం నేర్పింది. నేర్పుతూ ఒక మాట గట్టిగా చెప్పింది: బూట్లు లేకుండా ఈ బండి ఎక్కకూడదు అని. ఆపైన మలేరియా జ్వరం పట్టుకుని తగ్గక తన దేశం వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ బండినీ తన బూట్లనూ మా అత్తకు అప్పగించింది.

ఇక్కడ మా క్రైస్తవ సంఘం సంగతి కొంచెం చెప్పాలి. మా ప్రార్థన గుడికి ఏ వస్తువు వచ్చినా దాన్ని ప్రార్థన చేసి దేవుని పనికి ప్రతిష్ఠించడం మావాళ్ళ పద్ధతి. ఒకసారి ప్రతిష్ఠ జరిగితే దాని మీద సుత్తి పడకూడదు. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఏ దొరా చెప్పలేదు. మావాళ్ళే పెట్టుకున్నారు. బల్ల కాలు విరిగితే కింద రాయి పెట్టారు గానీ మేకు కొట్టలేదు. గంట బీటలు వారితే ఆ బొంగురు గంటే మోగించారు. బండి వచ్చినప్పుడు సంఘ పెద్ద ఏసుదానం గారు దాని సీటు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు. దాంతో అది కూడా గంటలాగే అయిపోయింది. దొరసాని కాళ్ళకు సరిపోయిన చోటే రేకులు, దొరసాని కాళ్ళకు సరిపోయిన చోటే బ్రేకు.

మా అత్త కాలు బ్రేకుకు అందేది కాదు. బూటు ముందు భాగంలో గుడ్డలు కుక్కి పొడుగు చేసుకుంది. అప్పుడు కొన అందేది. గట్టిగా నొక్కాలంటే మాత్రం సీటు మీద నుంచి ముందుకు జారాలి. ముందుకు జారితే చేతులు మడత పడి హ్యాండిలు పట్టు తప్పేది. మడమలు రేకు మీద ఆనవు, గాలిలో వేలాడుతుంటాయి. చదునైన దారిలో ఏదో నెట్టుకొచ్చేది. దిగుడులో ఆమె పాట్లు ఆమెకే తెలుసు. నడుము పట్టేసేది, పిక్కలు బిగుసుకుపోయేవి, బండి దిగాక కాసేపు గోడ పట్టుకుని నిలబడితే గానీ అడుగు పడేది కాదు. ఒక మలుపులో గోతిలో పడి మందు సీసాలన్నీ పగలగొట్టుకుంది. ఆదివారం గుడికి వచ్చిన ఆడవాళ్ళు ఆమె చేతికి కట్టిన గుడ్డ చూసి నాలుక చప్పరించారు.

ఆ సంగతి మైదానంలో ఉన్న మిషను కొత్త దొర చెవిన పడింది. ఏసుదానం గారు కింద మీటింగుకు వెళ్ళి వచ్చి కబురు చెప్పారు.

"అమ్మా సవరమ్మా, వానలు తగ్గినాక దొరగారు వత్తారు. బండిని కిందకి తీసుకెల్లిపోతారట. తోలగలిగిన మనిసి ఇక్కడ నేదు అన్నారు."

"నాను తోలతన్నాను కదా పెద్దయ్యా."

"తోలతన్నావు. పడతన్నావు కూడాను. నీకు దెబ్బ తగిలితే మేము ఏటి సెప్పుకోవాల?"

ఆయన కోపంగా అనలేదు. అదే మా అత్తకు ఎక్కువ బాధ కలిగించింది. బండి పోతే మళ్ళీ నడకే. నడకంటే ఆమెకు ఆ అంబలి గుర్తొచ్చేది.

ఆ దిగులులో ఉన్నప్పుడే ఒక ఉదయం చిన్నమ్మలుకు నొప్పులు వస్తున్నాయని కబురు వచ్చింది. చిన్నమ్మలు లోయకు అవతల గట్టు మీది ఊళ్ళో కొత్త కోడలు, తొలి కాన్పు. మా అత్త బండి మీద గట్టు మొదలు దాకా వెళ్ళి, అక్కడినుంచి కుంటుతూ పైకి ఎక్కింది.

మా కొండల్లో కాన్పు పడుకోబెట్టి చేయరు. దూలానికి తాడు వేలాడదీస్తారు. తల్లి ఆ తాడు పట్టుకుని, వెనక ఎవరైనా ఆసరాగా ఉండగా, గొంతుక్కూర్చుంటుంది. కాళ్ళ కింద రెండు పలక రాళ్ళు. దొరసాని మొదట్లో ఈ పద్ధతి చూసి మొహం చిట్లించింది గానీ, మా అత్త దాన్ని వదలలేదు. ఆ రాళ్ళు ఎక్కడ పెట్టాలన్నది మా అత్త ఎప్పుడూ తాను నిర్ణయించేది కాదు. నొప్పి వచ్చినప్పుడు తల్లినే అడిగేది.

"ఎక్కడ పెట్టమంతావు? ఇక్కడా? ఇంకొంచెం ఇవతలికా?"

"అటు... కాదు కాదు, ఎనక్కి..."

"జరిపినాను. ఇప్పుడు తొక్కి సూడు. సుకంగా ఉందా?"

నొప్పి నొప్పికీ రాయి జరిపి, చివరికి కాలు ఎక్కడ ఆనితే బలం వస్తుందో అక్కడ ఉంచింది. ఎండ వసారాలోకి వచ్చే వేళకి ఆడపిల్ల పుట్టింది, గొంతు బాగానే ఉంది. చిన్నమ్మలు గోడకు ఆనుకుని వేడి అంబలి తాగుతోంది. మా అత్త గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పింది. లోపలి గుడ్డలకు నెత్తురు అంటింది. బొటనవేళ్ళు కందిపోయి ఉన్నాయి.

"ఏటప్పా ఆ కాళ్ళు?" అంది చిన్నమ్మలు.

"బండి. బ్రేకు అందదు. ఈ బూటుతో పొడుగు సేసుకుని తొక్కుతాను."

"ఆ బ్రేకు ఇవతలికి జరపొచ్చు కదా."

"జరపకూడదు. ప్రార్థన సేసిన బండి."

చిన్నమ్మలు సంఘం మనిషి కాదు. ప్రార్థన చేసిన ఇనుము కదలకూడదన్న సంగతి ఆమెకు అర్థం కాలేదు. అంబలి గిన్నె కింద పెట్టింది.

"నాకు అన్నిసార్లు రాయి జరిపినావు. నీ రాయి ఎవురూ జరపరేటి అప్పా?"

మా అత్త నవ్వేసింది. నవ్వి, బిడ్డను తుడిచి, బొడ్డు చూసి, బూట్లు చేత్తో పట్టుకుని గట్టు దిగింది. దిగుతుంటే ఏడుపు వచ్చిందట. ఎందుకొచ్చిందో అప్పుడు తెలియలేదంది. నాకు తెలుసు. ఆమెను ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు, అందుకు.

ఇంటికి వచ్చి మామయ్యతో చెప్పింది.

"మేస్టారూ, రేకులు జరిపిత్తాను."

ఆయన తింటున్న ముద్ద ఆగిపోయింది. "పెద్దయ్యకి తెలిత్తే ఊరుకుంటాడేటి? నా పంతులు పని కూడా పోతాది."

"బండి ఎలాగూ పోతన్నాది. కాళ్ళు సుకంగా పెట్టుకుని ఒక్కసారి తోలినాక పోనీ."

మామయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, దొరసాని వదిలి వెళ్ళిన పనిముట్ల సంచి వెతికి, పానా తీసి ఆమె పక్కన పెట్టాడు. ఆయన ధైర్యం అంతవరకే. అది చాలు.

సంతలో కొలిమి పెట్టుకునే సోంబరు నాగటి కర్రులూ కత్తులూ చేసేవాడు. మోటారు బండి మీద ఎన్నడూ చెయ్యి వేయలేదు. అందుకని మహా ఉత్సాహంగా ఉన్నాడు.

"ఎక్కడికి జరపాలప్పా?"

"నాకేటి తెలుసు? ఎనక్కి."

"ఎంత ఎనక్కి?"

ఇద్దరూ ఆలోచించారు. కాళ్ళకు అన్నిటికంటే సుఖమైన చోటు గొంతుక్కూర్చున్నప్పటి చోటే కదా అనుకున్నారు. మా కొండవాళ్ళు బతుకులో సగం అలా కూర్చునే గడుపుతారు మరి. సోంబరు రేకులు విప్పి, వెనక బెజ్జాలు కొట్టి, కాళ్ళు సరిగ్గా తుంటి కిందికి వచ్చేలా బిగించాడు. క్లచ్చి, బ్రేకు కడ్డీలు రెంటినీ కాల్చి మెలి వేసి పొట్టి చేశాడు. మా అత్త బూట్లు లేకుండా ఎక్కింది. సంత చుట్టూ తిరిగింది. నడుముకు ప్రాణం లేచి వచ్చింది. "పీట మీద కూసున్నట్టుంది" అని అరిచింది.

తర్వాత దిగుడు వచ్చింది. బండి వేగం అందుకుంది. బ్రేకు తొక్కుదామంటే మోకాలు అప్పటికే పూర్తిగా మడత పడి ఉంది. మడిచిన కాల్లో బలం ఎక్కడినుంచి వస్తుంది? పాదం బ్రేకు మీదే ఉంది గానీ అది దిగలేదు. బండి దారి వదిలి వలిసె చేనులోకి దూరింది. పువ్వులు నిండుగా ఉన్న రోజులు. చేను మధ్యలో బండి ఒక పక్కా, అత్త ఒక పక్కా. చేను రైతు కేకలు వేసుకుంటూ పరిగెత్తి వచ్చాడు. పసుపు పువ్వుల్లో వెల్లకిలా పడి ఆకాశం చూస్తూ నవ్వుతున్న మనిషిని చూసి తిట్లు మర్చిపోయాడు.

ఆమె ఎందుకు నవ్విందో నాకు ఎన్నోసార్లు చెప్పింది. అంతమంది తల్లులకు రాళ్ళు పెట్టిన మనిషి ఆ సంగతి మర్చిపోయింది. నొప్పి లేనప్పుడు తల్లి కాలు ఎక్కడైనా పెట్టుకుంటుంది. రాయి ఎక్కడ పెట్టాలో అడగవలసింది నొప్పి వచ్చినప్పుడు. బండికి నొప్పి దిగుడులో వస్తుంది. చదును నేల మీద కూర్చుని కాళ్ళకు చోటు వెతికితే దొరికేది కూర్చునే చోటే. తొక్కే చోటు వేరే ఉంటుంది. ఇంత చిన్న విషయానికి రైతు చేను పాడుచేయవలసి వచ్చిందే అని నవ్వు.

తర్వాతి సంత రోజున బండిని సంతకు పైన ఉన్న దిగుడు మీదికి తోసుకెళ్ళారు. వెనక చక్రం దగ్గర మోకు వేసి పనస చెట్టుకు కట్టారు. మొహం కిందికి పెట్టి బండి నిలబడింది. అత్త ఎక్కి కూర్చుంది. ఒళ్ళంతా ముందుకు జారుతోంది, దిగుడులో జారినట్టే. ఇప్పుడు కళ్ళు మూసుకుని, బ్రేకు ఎక్కడుందో ఆలోచించకుండా, కాళ్ళు వాటంతట అవి తొక్కాలనుకున్న చోట ఆనించాలి. ఆ చోటు గుర్తు పెట్టాలి. రేకులు నల్లవి, బొగ్గు గీత కనపడదు. పక్కనే పసుపు అమ్ముతున్నారు. మామయ్య ఒక ఆకులో పసుపు కలిపి తెచ్చి ఆమె అరికాళ్ళకు రాశాడు. అందరి ముందు పెళ్ళాం కాళ్ళకు పసుపు రాయడానికి ఆయన సిగ్గుపడిపోయాడు.

"కళ్ళు మూయు. తొక్కు" అన్నాడు సోంబరు.

తొక్కింది. పసుపు పాదం పడింది. కాలు తీసి మళ్ళీ తొక్కింది. మళ్ళీ. మొదటి పాదం ముందుకు పడింది, తర్వాతది వెనక్కి. ఆ తర్వాతవన్నీ ఒకదాని మీద ఒకటి పడసాగాయి. మోకాలు కొంచెం వంగి, మడమ రేకు మీద ఆని, పాదం ముందు భాగం మాత్రం ఎత్తి నొక్కడానికి ఖాళీ ఉన్న చోటు. దొరసాని చోటుకూ గొంతుక్కూర్చునే చోటుకూ నడుమ.

"అదే! అదే!" అని సోంబరు గెంతాడు.

ఈ గొడవలో వాళ్ళు వెనక్కి చూసుకోలేదు. సంతంతా చుట్టూ చేరింది. చెట్టుకు కట్టిన డబడబ బండి, దాని మీద కళ్ళు మూసుకుని అప్ప, పసుపు పాదాలు. చూసినవాళ్ళకు ఏమనిపిస్తుంది? ఒక ముసలమ్మ ముందుకు వచ్చి చక్రం ముందు దోసెడు బియ్యం పోసి దండం పెట్టింది. ఇంకొకాయన గుడ్డు కొట్టాడు. ఒకడు నల్ల కోడిని పట్టుకుని, దీన్ని ఇప్పుడే కొయ్యాలా, బండి తిరిగి వచ్చాక కొయ్యాలా అని సోంబరును అడుగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఏసుదానం గారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు.

"సవరమ్మా!"

అత్త కళ్ళు తెరిచింది. ముందు బియ్యం, గుడ్డు సొన, కోడి. వాటి వెనక ఏసుదానం గారి మొహం.

"సంఘం బండికి పసుపు పూజా? దేవుని పనికి ఇచ్చిన బండికి కోడిని కోత్తారా? దొరగారు వత్తన్నారు, నాను ఏటని సెప్పాల ఆయనకి?"

అత్త బండి దిగింది. "నాను పూజ సేయలేదు" అని వాదించలేదు. ఎంత చెప్పినా ఆ కోడి ముందు నిలబడి చెప్పే మాట ఎవరు నమ్ముతారు?

"పెద్దయ్యా, తమరు ఒక్కసారి ఎక్కండి" అంది.

"నేనా?"

"తమరిదీ నాదీ ఒకటే ఎత్తు. ఎక్కి, కళ్ళు మూసుకుని కాళ్ళు పెట్టండి. తప్పు అనిపిత్తే నాను రేకులన్నీ ఇప్పించీసి దొరగారి కాళ్ళ మీద పడతాను."

ఏసుదానం గారికి మోకాళ్ళ నొప్పులు. గుడిలో రాతి నేల మీద మోకరించి మోకరించి తెచ్చుకున్నవి. నిలబడినా, నడిచినా, కూర్చున్నా ఆయన మొహంలో ఒక ముడత ఉండేది. ఎందుకు ఒప్పుకున్నారో తెలియదు. జనం ముందు కాదనలేకపోయారేమో. పంచె సర్దుకుని, మామయ్య భుజం పట్టుకుని ఎక్కారు. కళ్ళు మూసుకున్నారు. కాళ్ళు ఎత్తి దింపారు. పాదాలు సరిగ్గా పసుపు గుర్తుల మీద పడ్డాయి.

అందరూ ఆయన వైపే చూశారు. మొహంలో ముడత పోయింది.

"దిగండి పెద్దయ్యా" అన్నాడు సోంబరు.

"ఉండరా, కంగారేటి" అన్నారు ఏసుదానం గారు కళ్ళు తెరవకుండా.

సంతలో నవ్వు మొదలైంది. ఆయన కూడా నవ్వారట. అది చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. చివరికి దిగి, కర్ర అందుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఆ కోడిని వదిలీండి. బియ్యం ఆ ముసల్దానికి ఎత్తి ఇచ్చీండి. రేకులు ఆ గుర్తుల కాడ బిగించినాక పసుపు కడిగీండి. ఆదివారం మళ్ళీ ప్రార్థన సేద్దాం. బండికి కాదు. ఈ సారి దాని మీద కూసున్న మనిసికి."

సోంబరు రేకులు ముందుకు జరిపి, కడ్డీల మెలి కొంచెం విప్పి బిగించాడు. వానలో ఉత్త కాలు జారకుండా రేకుల మీద ఉలితో గాట్లు పెట్టాడు. బూట్లు మామయ్య ఆస్పత్రి బీరువా కింద దాచాడు.

కొత్త దొర గుర్రం మీద వచ్చాడు. ఇతనూ పొడుగే. పుస్తకాల తెలుగు మాట్లాడేవాడు. గుడి మెట్ల దగ్గర సంఘమంతా నిలబడి ఉంది. మా అత్త గట్టు మీది ఊరిలో బిడ్డను చూసి, సరిగ్గా ఆ వేళకు దిగుడు మీద వస్తోంది. అంతమంది చూస్తున్నారు. దిగుడు మధ్యలోనే బండి మెల్లగా తగ్గింది, మలుపు తిరిగింది, మెట్ల ముందు ఎలాంటి కుదుపూ లేకుండా ఆగింది. అత్త దిగింది. గోడ పట్టుకోలేదు.

దొర మెచ్చుకోలుగా తల ఊపాడు. అయినా బండి తనకు కావాలన్నాడు. మైదానంలో తనకు ఊళ్ళు ఎక్కువ, గుర్రం ముసలిది అయిపోయింది అన్నాడు. అని, బండి ఎక్కి కూర్చున్నాడు. మోకాళ్ళు వచ్చి హ్యాండిలుకు తగిలాయి. కాళ్ళు ఎటు పెట్టినా కుదరలేదు. కిందికి వంగి చూశాడు. కొత్త బెజ్జాలు, మెలి తిరిగిన కడ్డీలు, ఉలి గాట్లు.

"దీనిని ఎవరు మార్చిరి?" అని అడిగాడు.

అత్త నోరు తెరిచేలోపు ఏసుదానం గారు ఒక అడుగు ముందుకు వేశారు.

"సంఘం మార్చింది దొరగారూ. నాను దగ్గరుండి మార్పించినాను."

ఆయన అబద్ధం ఆడగా అంతకుముందు ఎవరూ వినలేదు. అబద్ధమని కూడా ఎలా అంటాం? దగ్గర ఉన్నారు కదా. దొర ఆయనను చూశాడు, అత్త ఉత్త కాళ్ళను చూశాడు, రేకులను చూశాడు. మళ్ళీ ఒకసారి కాళ్ళు పెట్టుకోవడానికి ప్రయత్నించి, మోకాలు కొట్టుకుని, పెద్దగా నవ్వేశాడు.

"ఇది ఇక నాకు పనికిరాదు. ఈమెకే పనికివచ్చును" అన్నాడు.

ముసలి గుర్రం మీదే కిందికి వెళ్ళాడు. అత్త గుడి వెనక్కి వెళ్ళి కడుపారా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి అందరికీ వంట చేసింది.

ఆ బండి మీద ఆమె చాలా ఏళ్ళు తిరిగింది. ఎంతమంది తల్లుల దగ్గరికి వేళకు చేరిందో ఆమె లెక్క పెట్టుకోలేదు, నేనూ పెట్టను. చిన్నమ్మలు రెండో కాన్పుకు బండి చప్పుడు గట్టు కింద వినగానే నొప్పి సగం తగ్గిందని చెప్పేది. అది ఎంత నిజమో దేవుడికే తెలియాలి. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకక బండి వసారాలో ఆగిపోయింది. తుప్పు పట్టింది. కోళ్ళు అందులో గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. అప్పుడు అత్త పానా తీసుకుని రెండు రేకులూ విప్పి, తోమి, కాన్పుల సంచిలో పెట్టుకుంది. రాళ్ళ కంటే తేలిక, జారవు అనేది.

మా అమ్మ నన్ను కన్నప్పుడు కాళ్ళు ఆ రేకుల మీదే ఆనించింది. నా పెద్దవాడు పుట్టినప్పటికి నేను బడిలో పంతులమ్మను, పట్నం ఆస్పత్రికి వెళ్ళాలని అందరూ పట్టుబట్టారు. మా ఆయన ఒకటి అన్నాడు, వాళ్ళమ్మ ఇంకొకటి అంది. అద్దె బండి మాట్లాడటం, ఆస్పత్రిలో గది మాట్లాడటం అన్నీ జరిగాయి. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అనుకున్న రోజు కంటే ముందే నొప్పులు వచ్చేసరికి ఆ ఏర్పాట్లన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ముసలిదైపోయిన సవరమ్మ అత్త తలుపు తోసుకుని వచ్చింది. సంచిలోంచి గాట్లు అరిగిన ఆ రెండు రేకులూ తీసి నా కాళ్ళ దగ్గర పెట్టి, నేల మీద కూర్చుని నా మొహంలోకి చూసింది.

"ఎక్కడ పెట్టమంతావు గుంటా?"

కొంచెం వెనక్కి అన్నాను. జరిపింది.